బుల్లెట్ బండిని మెల్‌బోర్న్ తీసుకెళ్లాలా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలో శాశ్వత నివాస వీసా వచ్చింది. నాలుగు నెలల్లో భార్య, మూడేళ్ల పాపతో మెల్‌బోర్న్ వెళుతున్నాను. మొదటి బోనస్‌తో 2021లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ని వెంట తీసుకెళ్లాలని ఉంది. శ్రీశైలం, అరకు, హంపి అన్నీ దాని మీదే తిరిగాను. ఓడలో పంపడానికి 95 వేలు అడిగారు. ఇక్కడ అమ్మితే 1.40 లక్షలు వస్తాయి. తనకు వదిలేయమని తమ్ముడు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ 95 వేలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో అడిగారా? ఒక్క బండికి ఎవరూ కంటైనర్ మొత్తం మాట్లాడుకోరు. చెక్కపెట్టెలో బిగించి, నలుగురి సామాన్లతో కలిపి పంపుతారు. కిరాయి సాధారణంగా ఘనపు మీటర్ల లెక్కన ఉంటుంది. మీ బండికి 2.3 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, 1.25 ఎత్తున్న పెట్టె చేయిస్తే సుమారు 2.6 ఘనపు మీటర్లు అవుతుంది. ఓడ కిరాయి వరకు తక్కువే చెబుతారు. అసలు బిల్లు అవతలి రేవులో మొదలవుతుంది. కంటైనర్ నుంచి దించినందుకు, గిడ్డంగిలో ఉంచినందుకు, కాగితాలకు, ఏజెంటుకు విడివిడిగా వసూలు చేస్తారు. విడిపించుకోవడం ఆలస్యమైతే నిల్వ అద్దె పెరుగుతూనే ఉంటుంది. అప్పటికి సామాను వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి బేరమాడే అవకాశం మీకు ఉండదు. అందుకే మెల్‌బోర్న్‌లో మీ గుమ్మం ముందు దించే వరకు అయ్యే ప్రతి ఖర్చునూ వరుసవారీగా రాసిమ్మనండి. రాసివ్వని వారితో మాట అక్కడికే ఆపేయండి.

ఇక అక్కడి ప్రభుత్వం. బండిని కనీసం 12 నెలలు సొంతంగా వాడి ఉండాలన్న నిబంధన మీకు అడ్డు కాదు. కానీ దిగుమతి అనుమతి చేతికి రాకముందే బండిని ఓడ ఎక్కించకండి. టైర్లలో, మడ్‌గార్డు కింద ఇక్కడి మట్టి, గడ్డిగింజ మిగిలినా క్వారంటైన్ అధికారులు ఆపేస్తారు, కడిగించే ఖర్చు మీదే. ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉన్న ఏ వస్తువునూ 2003 డిసెంబర్ 31 నుంచి ఆ దేశం రానివ్వడం లేదు. ఈ నాలుగేళ్లలో వీధి చివరి మెకానిక్ దగ్గర మార్పించిన బ్రేకు ప్యాడ్లు, గ్యాస్కెట్లు ఏ కంపెనీవో గుర్తుందా? వాటిలో ఆస్‌బెస్టాస్ లేదని చూపాల్సిన బాధ్యత దిగుమతి చేసుకునే మీదే.

మీ ఇంటి సామానుకు వలస వచ్చిన వారిగా పన్ను మినహాయింపు దొరకవచ్చు, మోటారు వాహనాలకు మాత్రం అది వర్తించదు. బండి విలువ, ఓడ కిరాయి, బీమా కలిపి దాని మీద 10 శాతం జీఎస్టీ వేస్తారు. 1.40 లక్షలకు 95 వేలు కలిపితే 2.35 లక్షలు, దాని మీద 23,500. వదులుకున్న అమ్మకం ధరను కూడా కలిపితే, రేవు ఖర్చులు రాకముందే లెక్క 2,58,500 దగ్గర నిలిచింది. తర్వాత రోడ్డు యోగ్యత తనిఖీ, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉన్నాయి.

అయినా అక్కడ కొత్త క్లాసిక్ కొనడం కంటే ఇది చవక కావచ్చు. చాలామంది బోల్తా పడేది ఈ పోలిక దగ్గరే. మీరు పోల్చుకోవలసింది అక్కడ దొరికే సెకండ్ హ్యాండ్ బండితో. దానికి అక్కడి రిజిస్ట్రేషన్ ఉంటుంది, రేపు అమ్ముకోవడమూ తేలిక.

నా మాట: అమ్మేయండి. మీ ఉత్తరంలో సగం ఆ బండి తిరిగిన ఊళ్ల గురించే, అందుకే ఈ మాట చెప్పడం నాకూ సులువు కాలేదు. ఇష్టం కోసం డబ్బు పెట్టడం తప్పని నేను ఎప్పుడూ అనను. కానీ ఆ డబ్బు ఏ జేబులోంచి వస్తోందో చూడండి. ఉద్యోగం కుదిరేవరకు కనీసం ఆరు నెలల ఖర్చు, ఇంటి బాండు (అద్దె ఇంటికి కట్టే డిపాజిట్), ముందస్తు అద్దె, కారు. అక్కడ ఏడేళ్లలోపు పిల్లలను కారులో తగిన చైల్డ్ సీట్‌లోనే కూర్చోబెట్టాలి కాబట్టి మీ ఇంటికి మొదటి వాహనం కారే అవుతుంది. ఇవన్నీ పక్కన పెట్టాక కూడా మూడు, నాలుగు లక్షలు మిగిలితే తీసుకెళ్లండి, నేను అడ్డు చెప్పను.

తమ్ముడికి ఇవ్వడమూ మంచి దారే, కానీ తాళంచెవి ఇచ్చి విమానం ఎక్కకండి. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఫారం 29, 30 ఇచ్చి బండినీ, బీమానూ అతని పేరు మీదకు మార్పించాకే బయల్దేరండి. అప్పు తీసుకుని కొన్నదైతే అప్పు తీరిందని, బండి మీద తాకట్టు తీసేయమని బ్యాంకు ఇచ్చే ఫారం 35 ముందే తీసుకోండి. అమ్మినా, ఇచ్చినా మీ నో క్లెయిమ్ బోనస్‌కు (క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బీమా కంపెనీ నుంచి లేఖ అడగండి. మూడేళ్లలోపు తిరిగొచ్చి ఇక్కడ మరో బండి కొంటే పనికొస్తుంది.

అమ్మకం వెళ్లేలోపే పూర్తయ్యేలా చూసుకోండి. తర్వాతైతే డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలోకి (ప్రవాస భారతీయులు ఇక్కడి రాబడి కోసం తెరిచే బ్యాంకు ఖాతా) రావాలి, సంతకాల కోసం మీ తమ్ముడు ఆర్టీఓ చుట్టూ తిరగాలి. బండి లేకపోయినా హెల్మెట్ తీసుకెళ్దామనుకుంటారేమో, ఐఎస్ఐ గుర్తు మాత్రమే ఉన్నది అక్కడ చెల్లదు.