1921 బిన్నీ మిల్లు సమ్మె పేపర్లు చదవబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ, థీసిస్ కోసం మద్రాసు పెరంబూరులో జరిగిన బిన్నీ మిల్లు సమ్మె నాటి పేపర్లు తిరగేస్తున్నానని మెసేజ్ పెట్టావు కదా, అప్పట్నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఏ పేపరు ఎవరిదో తెలియకుండా ఒక్క లైను కూడా నోట్ చేసుకోకు. మద్రాస్ మెయిల్ తెల్లదొరల వ్యాపారుల పేపరు, బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు నడిపిన బిన్నీ కంపెనీ కూడా ఆ దొరలదే. హిందూ, స్వదేశమిత్రన్ కాంగ్రెస్ వైపు. బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీకి ఇంగ్లీషులో జస్టిస్, తమిళంలో ద్రావిడన్, తెలుగులో ఆంధ్రప్రకాశిక. ఇక నవశక్తి ఎడిటర్ తిరు.వి.క. అయితే ఆ మిల్లు కూలీల సంఘం మద్రాస్ లేబర్ యూనియన్ నాయకుల్లో ఒకాయన, అంటే సమ్మె నడిపే మనిషే సమ్మె వార్తలూ వేస్తున్నాడు. దాంట్లో తప్పేం లేదు, పైగా కూలీల బాధ అంత దగ్గర్నుంచి చూసిన ఎడిటర్లు ఎంతమందున్నారు గనక, కాకపోతే అది గుర్తుపెట్టుకుని చదవాలి.

అలాగని ఏ పార్టీయో చూసి ముందే తీర్పు రాసేసుకోకు. జస్టిస్ వాళ్ళు అప్పుడు మంత్రి పదవుల్లో ఉన్నారు కాబట్టి గవర్నమెంటుని వెనకేసుకొస్తారనుకుంటాం కదా, ఇక్కడ అలా జరగలేదు. సమ్మెలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది సవర్ణులు, ముస్లింలు, ఆదిద్రావిడ కార్మికుల్లో, అంటే అక్కడి దళితుల్లో, చాలామంది పనిలోకి వెళ్ళారు, దాంతో గొడవ కాస్తా కులం గొడవైంది, మిల్లు దగ్గరి పుళియంతోపు పేటలో గుడిసెలు తగలబడ్డాయి. అప్పుడు జస్టిస్ పార్టీ పెద్దలు, సర్కారు లేబర్ డిపార్ట్‌మెంట్ ఆదిద్రావిడుల్ని నెత్తికెక్కించుకోబట్టే ఇదంతా అని గవర్నమెంటునే తిట్టారు. అదే పార్టీలో ఉన్న ఆదిద్రావిడ నాయకుడు ఎం.సి.రాజా తర్వాత బయటికెళ్ళిపోవడానికి ఇదీ ఒక కారణం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే తల్లీ. ఒకళ్ళకి ఆ ఆదిద్రావిడ కూలీ విశ్వాసపాత్రుడు, ఇంకొకళ్ళకి సమ్మె చెడగొట్టినవాడు. ఎందుకు వెళ్ళావయ్యా పనిలోకి, ఇంట్లో బియ్యం ఉన్నాయా, యూనియన్లో నీ మాట వినేవాళ్ళున్నారా అని అతన్నే అడిగిన వార్త కోసం వెతుకు, దొరికితే ఎంత చిన్నదైనా పూర్తిగా ఎత్తి రాసుకో.

పని ఇలా చెయ్యి. ఒక్క రోజు తీసుకో, ఆగస్టు 29న పోలీసులు కాల్చారు కదా, ఆ మర్నాటి పేపర్లన్నీ పక్కపక్కన పెట్టుకో. రాళ్ళు పడటం ముందు చెప్పారా, కాల్పులు ముందు చెప్పారా? చెప్పింది పోలీసు కమిషనరా, ఆస్పత్రిలో ఉన్న మనిషా? చచ్చిపోయినవాళ్ళకి పేర్లున్నాయా, ఉత్త అంకెలేనా? ఏ పేజీలో వేశారు, పక్కన ఎవరి యాడ్ ఉంది? తర్వాత ఇంకో వారం పేపర్లు చూడు, మొదటిరోజు రాసింది దిద్దుకున్నారా లేదా అని.

దేశభాషల పేపర్ల మీద గవర్నమెంటు వారంవారం తయారుచేయించుకున్న రిపోర్టులు బాగా పనికొస్తాయి కానీ వాటితోనే సరిపెట్టుకోకు. అవి సర్కారు ట్రాన్స్‌లేటర్లు ఏరి ఇంగ్లీషులో పెట్టిన ముక్కలు, దొరలకి ఏది భయమో అదే అందులో కనపడుతుంది, ఊరికే కూలీల కష్టం చెప్పిన వార్త కనపడకపోవచ్చు. వీలైనంతవరకు అసలు ఇష్యూ పట్టుకో. ఇంకోటి, 1910 ప్రెస్ యాక్ట్ 1922 దాకా ఉంది, డిపాజిట్ కట్టించుకుని గవర్నమెంటుకి నచ్చని రాత రాస్తే అది జప్తు చేసేవాళ్ళు, అందుకని ఒక దేశీ పేపరు మెత్తగా రాసిందంటే దాన్ని వెంటనే పిరికిదనం అనెయ్యకు.

1921తో మొదలుపెట్టొద్దు. 1918 ఏప్రిల్లో యూనియన్ పెట్టినప్పట్నుంచి చూసుకుంటూ రా, 1920 డిసెంబర్ కాల్పులు, యూనియన్ నాయకుడు బి.పి.వాడియా మీద కంపెనీ హైకోర్టుకెళ్ళడం, ఇవి తెలియకపోతే సమ్మెలో కోపం ఎక్కడిదో అర్థం కాదు. అక్టోబర్లో సమ్మె విరిగాక కూడా ఆపకు, పని పోయినవాళ్ళ గురించి ఎవరెన్నాళ్ళు రాశారో చూడు.

చెన్నై ఎగ్మోర్లో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళేముందు మీ గైడ్ చేత లెటర్ రాయించుకో. తమిళం చదివేవాళ్ళని ఒకళ్ళని తోడు తీసుకెళ్ళు, నీకు ద్రావిడన్, నవశక్తి రెండూ కావాలి.

మీ పెదనాన్న