సంగీతం చెప్పబోతున్న శారదకు

చి. సౌ. శారదకు ఆశీస్సులు.

జూన్ నుంచి ఇంట్లో పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతానని రాశావు. నీ పాటకి వంక పెట్టేదేం లేదు. డబ్బు, నీ గొంతు, పిల్లలు ఎక్కడ మానేస్తారన్నది, ఈ మూడింటి గురించే రాస్తున్నాను.

ముందు ఫీజు. క్లాసుకింత అని పెట్టుకోకు. పిల్లకి జ్వరమొచ్చినా, వాళ్ళింట్లో పెళ్ళయినా, స్కూల్లో పరీక్షలైనా నష్టం నీకే. నెలకింత, ఎనిమిది క్లాసులు, ఐదో తారీఖులోపు ముందే ఇవ్వాలి. కొన్ని నెలల్లో తొమ్మిదో క్లాసు పడుతుంది. దాన్ని నువ్వు చెప్పలేకపోయిన రోజుకి బదులుగా ఉంచుకో. పిల్ల రాకపోతే మాత్రం బదులు క్లాసు లేదు. ఇదంతా చేరిన రోజే వాట్సాప్‌లో రాసి పంపు. నోటిమాట మూడో నెలకి ఎవరికీ గుర్తుండదు. చుట్టాల పిల్లలకి పూర్తి ఫీజైనా తీసుకో, ఊరికే అయినా చెప్పు. సగం అన్నావో, ఆ సగమే నీ ఫీజని వీధంతా తెలిసిపోతుంది.

పన్నెండు మంది, తలా 1,500 అనుకో, నెలకి 18,000. వారానికి రెండేసి క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు. విడివిడిగా చెబితే వారానికి 18 గంటలు, ఇద్దరిద్దరిని కూర్చోబెడితే 9. ముగ్గుర్ని మాత్రం దాటనివ్వకు, నలుగురిలో ఒకరి అపస్వరం పక్కవాళ్ళ గొంతుల్లో దాక్కుంటుంది. జత కలిపేటప్పుడు వయసు కన్నా శ్రుతి, అంటే గొంతుకి హాయిగా కుదిరే ఆధార స్వరం, చూడు. అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తు. 5½ శ్రుతిలో హాయిగా పాడే పిల్ల పక్కన, గొంతు మారుతున్న పదమూడేళ్ళ కుర్రాణ్ణి కూర్చోబెడితే పై షడ్జం (పై స) దగ్గర వాడి గొంతు చీలుతుంది, సిగ్గుపడి మానేస్తాడు. వాడికి విడిగా, శ్రుతి దించి, కొన్నాళ్ళు మధ్యస్థాయిలోనే చెప్పు.

నీది 4½ శ్రుతి. రోజూ సాయంత్రమంతా పిల్లల శ్రుతిలో పాడితే గొంతు బొంగురుపోతుంది. ఏ వరసైనా రెండుసార్లు పాడి చూపించు, మూడోసారి తాళం మాత్రమే వెయ్యి. వరసగా మూడు క్లాసులయ్యాక పావుగంట మాట్లాడకుండా కూర్చో. ఆ పావుగంటలో తల్లిదండ్రులతో ముచ్చట్లు పెట్టావంటే విశ్రాంతి లేనట్టే.

ఇక మొదటి నెలలోనే సరిదిద్దాల్సిన తప్పొకటుంది. మొదటి పాఠాల రాగమైన మాయామాళవగౌళలో పంచమం (ప) దాటగానే చాలామందికి ధైవతం (ధ) పైకి జారి చతుశ్రుతి, అంటే ఒక మెట్టు ఎత్తు ధైవతం, అయిపోతుంది. ప, ధల మధ్య దూరం తక్కువ, ధ, నిల మధ్య ఎక్కువ. గొంతేమో ప నుంచి ని దాకా ఉన్న దూరాన్ని రెండు సమాన మెట్లుగా పంచుకోవాలని చూస్తుంది. అప్పుడు నిషాదం (ని) ఊసే ఎత్తకు. ప పట్టించి, "ప ధ ప" ఒక్కటే, విలంబంలో (నెమ్మదిగా), పదిహేనుసార్లు పాడించు. అది కుదిరాకే "ప ధ ని స". గీతాల దాకా వదిలేస్తే ఆ ధైవతాన్ని దించడం నీ తరం కాదు.

పిల్లలు ఎక్కువగా మానేసేది జంట స్వరాల దగ్గర, అంటే ప్రతి స్వరాన్నీ రెండేసిసార్లు పాడే పాఠాల దగ్గర. రెండో స్వరాన్ని ఒత్తి పలకడం చిన్న గొంతుకి కష్టం. పైగా ఇంట్లోవాళ్ళకి నెలల తరబడి అదే సరిగమ వినబడుతుంది. "పాట ఎప్పుడొస్తుందండీ?" అంటారు. వాళ్ళ తొందర చూసి మలహరి రాగంలోని గీతాన్ని (తొలి చిన్న పాటని) ముందుకి లాక్కురాకు, తాళాలకి కట్టిన స్వర పాఠాలైన అలంకారాలు రాని పిల్ల తాళం తప్పుతుంది. మూడో నెల నుంచి వారానికోసారి చివరి పది నిమిషాలు తేలికైన నామావళి (దేవుడి పేర్లతో భజన) ఒకటి నేర్పు. పండగకి చుట్టాల ముందు పాడుకోవడానికి అది చాలు. రోజూ ఇరవై నిమిషాలు సాధన చేస్తే గీతాలకి దాదాపు ఏడాది పడుతుందని ముందే చెప్పు. సినిమా పాట అడిగితే విసుక్కోకు, "ఇక్కడ చెప్పనండీ" అంటే సరిపోతుంది.

వేసవి సెలవుల్లో చేరినవాళ్ళని చూసి మురిసిపోకు, బడి తెరవగానే సగం మంది కనిపించరు. విజయదశమికి చేరేవాళ్ళు నిలుస్తారు. నీ ఆదాయం లెక్క ఆగస్టులో వేసుకో.

అమెరికా పిల్లలు దొరికితే: మన ఉదయం 6:30 అంటే కాలిఫోర్నియాలో ముందురోజు సాయంత్రం 6. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి 5. ఈ మార్పు చెప్పుకోకపోతే ఆ వారం ఎవరో ఒకరు ఖాళీ తెర ముందు కూర్చుంటారు. ఆన్‌లైన్‌లో మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి కలిసి పాడటం కుదరదు. నువ్వు పాడి ఆపు, తరవాత వాళ్ళు పాడాలి. తంబూరా వాళ్ళ దగ్గరే మోగాలి. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్ పెట్టించు, లేకపోతే తంబూరాని రొద అనుకుని నొక్కేస్తుంది.

ఇంట్లో క్లాసులకి మాత్రం ఫోన్లో తంబూరా పెట్టకు. ఆ చిన్న స్పీకర్లో మంద్రం (కింది స్వరం) వినబడదు, మధ్యలో ఫోనొస్తే శ్రుతి ఆగిపోతుంది. పైగా ప్రతి క్లాసు చివరా ఆ రోజు పాఠం మూడు నిమిషాలు రికార్డు చేసి పంపడానికి ఫోను నీ చేతిలో ఉండాలి. నా దగ్గర ఎలక్ట్రానిక్ తంబూరా ఒకటి ఖాళీగానే ఉంది, మే నెలలో వచ్చినప్పుడు పట్టుకెళ్ళు.

ఇట్లు,
మీ అత్తయ్య