ఒక పరీక్ష రాయని పిల్లల సగటు ఎక్సెల్‌లో ఎలా తీయాలి?

నాలుగు ఎఫ్‌ఏల్లో (ఏడాదిలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్షలు) ఒకటి రాయని పిల్లలకు సెల్ ఖాళీగా వదిలితే ఒక సగటు, సున్నా వేస్తే ఇంకో సగటు వస్తోంది, ఏది కరెక్ట్ అని అడిగారు. ఎక్సెల్ వరకు రెండూ కరెక్టే. ఏవరేజ్ ఫార్ములా ఖాళీ సెల్‌నూ అక్షరాలున్న సెల్‌నూ వదిలేస్తుంది, సున్నాను మాత్రం మార్కుగానే లెక్కేస్తుంది. 18, 16, ఖాళీ, 17 ఉంటే 51ని మూడుతో భాగించి 17 చూపిస్తుంది. ఆ ఖాళీలో సున్నా పెడితే 12.75. ఇరవై మార్కుల పరీక్షకు నాలుగుంబావు తేడా! ఆబ్సెంట్‌కు సున్నా వేయాలా, రాసినవాటికే సగటు తీయాలా అన్నది ముందు మీ హెచ్‌ఎం గారినే అడగండి.

నేను దెబ్బ తిన్నది వేరే చోట. మా స్కూల్లో సబ్జెక్టుకో షీట్, చివర్లో అన్నీ కలిపే షీట్ ఒకటి. ఆ చివరి షీట్‌లోకి మార్కులన్నీ లింక్ పెట్టి లాగాను. ఖాళీ సెల్‌కు లింక్ పెడితే ఇవతల సున్నా వచ్చి కూర్చుంటుందని నాకప్పటికి తెలీదు. అమ్మవారు పోసి ఎఫ్‌ఏ3 రాయలేకపోయిన ఏడో తరగతి అమ్మాయికి లెక్కల్లో సగటు పడిపోయింది. వాళ్ళ నాన్న ప్రోగ్రెస్ కార్డు పట్టుకొచ్చి, "రాసిన మూడింట్లో ఏదీ పదహారుకు తగ్గలేదు కద సార్, సగటు పన్నెండెట్లా వచ్చింది?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. సాయంత్రం కూర్చుని చూస్తే అదే క్లాసులో ఇంకో ఐదుగురు దొరికారు.

అప్పట్నుంచి రాకపోతే 'ఏబీ' అని కొట్టమంటున్నాను. లింక్‌లో కూడా ఏబీ ఏబీగానే వస్తుంది, ఏవరేజ్ దాన్ని ముట్టుకోదు. ఖాళీ సెల్ కనిపిస్తే ఆ టీచర్ ఇంకా మార్కులు ఎక్కించలేదని లెక్క. అయితే ప్లస్ గుర్తులతో కూడి నాలుగుతో భాగించే అలవాటుంటే మానుకోండి, ఏబీ తగలగానే ఎర్రర్ వస్తుంది. ఆబ్సెంట్‌కు సున్నా అనే రూలే మీ స్కూల్లో ఉంటే సమ్ ఫార్ములా వాడి నాలుగుతో భాగించండి, ఏబీ ఉన్నా ఇబ్బంది లేదు. సున్నాలను వదిలేసే ఏవరేజ్‌ఇఫ్ చిట్కా ఎవరైనా చెబితే మాత్రం వినకండి. పరీక్షకు వచ్చి నిజంగానే సున్నా తెచ్చుకున్నవాడు కూడా దాంట్లోంచి తప్పించుకుంటాడు.

నాలుగూ రాయని పిల్లాడికి సున్నాతో భాగించిన ఎర్రర్ పడుతుంది. దాన్ని ఇఫ్‌ఎర్రర్‌లో చుట్టి 'ఏబీ' అని వచ్చేలా పెట్టుకుంటే చాలు.

సగటు పక్కనే కౌంట్ ఫార్ములాతో ఇంకో కాలమ్ పెట్టుకోండి. అంకెలున్న సెల్స్ ఎన్నో అది చెబుతుంది. 3 అని వస్తే ఆ వరుసలో ఒక ఏబీ ఉండాలి. ఏబీ లేదు, ఖాళీ లేదు, నాలుగు మార్కులూ కళ్ళెదుటే ఉన్నాయి, అయినా 3 అంటోందా? వాటిలో ఒకటి టెక్స్ట్‌గా పడిందన్నమాట. సాధారణంగా అది సెల్‌లో ఎడమవైపుకి జరిగి కనిపిస్తుంది. చెరిపేసి, సెల్ ఫార్మాట్ జనరల్‌కు మార్చి మళ్ళీ కొట్టండి.