నలభై ఫ్లాపీలు, మూడు లెక్కలు

ప్రశ్న: మా నాన్న ఇక్కడే ఒక రైసుమిల్లులో గుమస్తాగా చేసేవారు. ఇల్లు సర్దుతుంటే ఆయన బీరువాలో డబ్బా నిండా ఫ్లాపీలు దొరికాయి, మొత్తం నలభై. అన్నిటి మీదా 'హెచ్‌డీ' అని ఉంది. కొన్నిటి మీద నాన్న చేతిరాతతో 'యాసంగి లెవీ 99 – 3/5' అని రాసుంది. ఒక్కోటి 1.44 ఎంబీ కదా, మొత్తం 57.6 ఎంబీ అన్నాను నేను. మా అబ్బాయి 59 దాకా వస్తుందంటున్నాడు. మా అన్న 56.25 అంటున్నాడు. ఎవరిది కరెక్టు? అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పడతాయా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీ అన్నదీ, మీ అబ్బాయిదీ రెండూ కరెక్టే అమ్మా. మీరు చెప్పిన 57.6 మాత్రం ఏ కొలతకూ అందదు. అందులో మీ పొరపాటేమీ లేదు, ఫ్లాపీ మీద వేసిన అంకెలోనే ఉంది తిరకాసు.

ఎంబీలను కాసేపు పక్కనపెట్టి బైట్లు లెక్కపెడదాం. మూడున్నర అంగుళాల హెచ్‌డీ (హై డెన్సిటీ, అంటే ఎక్కువ పట్టే రకం) ఫ్లాపీకి రెండు వైపులూ రాయొచ్చు. ఒక్కో వైపు 80 ట్రాకులు (గుండ్రటి వరసలు), ట్రాకుకు 18 సెక్టార్లు (ఆ వరసలో ముక్కలు), సెక్టారుకు 512 బైట్లు. అన్నీ గుణిస్తే 14,74,560 బైట్లు. దాన్ని 1024తో భాగిస్తే సరిగ్గా 1440 కేబీ వస్తుంది. ఇక్కడిదాకా పేచీ లేదు. ఆ 1440ని మళ్లీ 1024తో భాగించాల్సింది పోయి 1000తో భాగించి, 1.44 ఎంబీ అని అచ్చేశారు. ఒకే లెక్కలో రెండు కొలతలు కలిపేశారన్నమాట. మొదటినుంచీ వెయ్యి చొప్పున పోతే ఒక ఫ్లాపీ 1.47 ఎంబీ, 1024 చొప్పున పోతే 1.41.

మీ నలభైకి 5,89,82,400 బైట్లు. మీ అబ్బాయి వెయ్యి లెక్కన 58.98 అన్నాడు, మీ అన్న 1024 లెక్కన 56.25 అన్నాడు. ఈ గందరగోళం వద్దనే 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకు 'మెబీబైట్' అని వేరే పేరు పెట్టింది. అయినా విండోస్ ఇప్పటికీ 1024తో భాగించి ఎంబీ అనే చూపిస్తుంది. 16 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే 14.9 అని కనిపించేది అందుకే. దుకాణం వాడు మోసం చేశాడని టెన్షన్ పడొద్దు. ఆ 16 జీబీలో ఇలాంటి ఫ్లాపీలు పదివేల ఎనిమిది వందలకు పైగా పడతాయి, మీ నలభై ఒక మూలకు కూడా రావు.

నాకు అసలు ముఖ్యమనిపించింది ఆ '3/5'. నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర డీటీపీ చేసే రోజుల్లో పెళ్లికార్డు మీదికి నాలుగు బై ఆరు అంగుళాల రంగుల ఫోటోను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే, కుదించకముందు 64,80,000 బైట్లు అయ్యేది. ఒక్క ఫ్లాపీలో పట్టదు కాబట్టి ఐదు ముక్కలు చేసి, లేబుల్ మీద 1/5, 2/5 అని రాసి ప్రెస్సుకు పంపేవాళ్లం. మీ నాన్న కూడా ఒక పెద్ద బ్యాకప్‌ను అలాగే ఐదింటికి పంచి ఉంటారు. ఆ ఐదింటిలో ఒక్కటి చెడినా మొత్తం తెరుచుకోకపోవచ్చు. అందుకని డబ్బాలో ఉన్న వరస చెడగొట్టకండి, లేబుళ్లు పీకకండి, ముందు ప్రతిదానికీ ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో మాట. ఫైళ్లను మామూలుగా కాపీ చేసి ఊరుకోవద్దు. ముక్కలు చేసిన బ్యాకప్‌లలో కొన్నిటికి ప్రతి ఫ్లాపీలోనూ ఫైలు పేరు ఒకటే ఉంటుంది, ఒకే ఫోల్డర్‌లో వేస్తే ఒకదాని మీద ఒకటి పడి పోతాయి. డిస్క్ ఇమేజ్ తీయించండి, అంటే ఫ్లాపీని మొదటి సెక్టారు నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా దించడం. ఆ ఫైలు సైజు సరిగ్గా 14,74,560 బైట్లు ఉండాలి. ఒక్క బైటు తగ్గినా మళ్లీ తీయమనండి. సైజు సరిపోయినా చదవలేని సెక్టార్లు వచ్చాయేమో అడగండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు అలాంటి చోట సున్నాలు నింపేస్తాయి.

డ్రైవ్‌లో పెట్టేముందు ఫ్లాపీ మూలన ఉన్న చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి రంధ్రం తెరుచుకునేలా చేయండి, అప్పుడు దాని మీద ఎవరూ రాయలేరు. కంప్యూటర్ 'ఫార్మాట్ చేయమంటారా' అని అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు, పొరపాటున కూడా.

ప్రశ్న: మా దగ్గరున్నవి పెద్ద సైజువి, చేత్తో పట్టుకుంటే వంగుతాయి. 'డీఎస్ డీడీ' అని ఉంది. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లో పట్టడం లేదు. వీటిలో ఎంత పడుతుంది?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: అవి ఐదుంపావు అంగుళాలవి. డీఎస్ డీడీ అంటే డబుల్ సైడెడ్, డబుల్ డెన్సిటీ. ఆ యూఎస్‌బీ డ్రైవులు మూడున్నర వాటికే, బలవంతంగా తోయకండి. పీసీలో వాడినవైతే రెండు వైపులు, 40 ట్రాకులు, తొమ్మిది సెక్టార్లు. అంటే 3,68,640 బైట్లు, 360 కేబీ. ఇలాంటివి నాలుగు కలిస్తే సరిగ్గా పై పాఠకురాలి ఒక్క ఫ్లాపీ అవుతుంది. అదే సైజులో హెచ్‌డీవి కూడా వచ్చాయి, వాటిలో 12,28,800 బైట్లు పడతాయి. చదవాలంటే పాత ఐదుంపావు డ్రైవూ, ఫ్లాపీ కేబుల్ తగిలించే చోటున్న పాత మదర్‌బోర్డూ దొరకాలి. అలాంటి పాత పీసీని తుక్కుకు వేయకుండా ఉంచిన సర్వీసు షాపు మీ ఊళ్లో ఉందేమో అడగండి. ఇచ్చేముందు ఫ్లాపీ అంచున ఉన్న చదరపు గంటు మీద నల్ల స్టిక్కర్ అంటించండి. వీటికి రాయకుండా ఆపే పద్ధతి చిన్న ఫ్లాపీకి తలకిందులు: గంటు మూస్తేనే రక్షణ.