హోమ్‌లోన్ టేబుల్‌లో సున్నా, తక్‌పట్టీలో పదహారు వేలు

ప్రశ్న: నేను హనుమకొండలో టీచర్‌ను. ఇంటికి 25 లక్షల లోన్ తీసుకున్నాం. 20 ఏళ్లు, 8.5 శాతం ఫ్లోటింగ్ వడ్డీ. 36 కిస్తులు కట్టాం. మా ఆయన నర్సంపేట దగ్గర మూడెకరాల్లో మిర్చి వేస్తారు. ఈసారి ఎనుమాముల మార్కెట్‌లో అమ్మితే, పెట్టుబడికి ముందుగా తెచ్చుకున్న లక్ష, దాని మిత్తి అడ్తిదారు (మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు) పట్టుకోగా 3 లక్షలు చేతికొచ్చాయి. లోన్‌కు కట్టేస్తే ఎంత మిగులుతుందో చూద్దామని బ్యాంకు ఇచ్చిన కిస్తుల పీడీఎఫ్ టేబుల్‌ను (ఏ నెల ఎంత వడ్డీ, ఎంత అసలు, ఎంత బాకీ అని ఉండేది) ఎక్సెల్‌లోకి కాపీ చేశాను. మొత్తం కొడితే సున్నా వస్తోంది. 240 వరుసలూ చేత్తో టైప్ చేయాలా? ఏదో ఫ్రీ వెబ్‌సైట్‌లో పెడితే మారిపోతుందని మా బాబు అంటున్నాడు. తక్‌పట్టీల (పంట అమ్మినప్పుడు అడ్తిదారు ఇచ్చే లెక్క చీటీల) ఫొటోలు కూడా జతచేశాను.

జవాబు: ముందు ఆ సున్నా సంగతి చూద్దాం. మీ షీట్‌లో అంకెలు గడికి ఎడమవైపు అతుక్కుని ఉన్నాయా? అయితే ఎక్సెల్ వాటిని అంకెలుగా చూడట్లేదు, అక్షరాలుగా చూస్తోంది. అసలు అంకెలైతే వాటంతట అవే కుడివైపుకు జరుగుతాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు అంకె వెనకాల ఒక ఖాళీయో, ‘డీఆర్’, ‘సీఆర్’ అనే రెండక్షరాలో, ముందు రూపాయి గుర్తో వెంట వస్తాయి. కంటికి 17,708 అనే కనిపిస్తుంది, ఎక్సెల్‌కు మాత్రం అది ఒక పేరు లాంటిది. ఆ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, కంట్రోల్ హెచ్ నొక్కి, ఆ అదనపు సరుకును ఒక్కొక్కటిగా వెతికి, మార్చాల్సిన చోట ఏమీ రాయకుండా ‘రీప్లేస్ ఆల్’ కొట్టండి. అంకెలు కుడివైపుకు దూకుతాయి, మొత్తం కూడా వస్తుంది.

కాపీ పేస్ట్ కంటే మంచి దారి ఎక్సెల్‌లోనే ఉంది. విండోస్ కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ 365 ఉంటే డేటా ట్యాబ్‌లో గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ పీడీఎఫ్ అని వెళ్లండి. ఫైల్‌లోని టేబుళ్లన్నీ చూపిస్తుంది, కావాల్సినవి ఎంచుకోవచ్చు. ఫైల్‌కు పాస్‌వర్డ్ ఉంటే ముందు క్రోమ్‌లో తెరిచి, ప్రింట్‌కు వెళ్లి, ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ అని ఇంకో కాపీ తీసుకోండి. ఒక్క షరతు ఉంది: మౌస్‌తో లాగితే అంకెలు సెలెక్ట్ కావాలి. కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ, ఈ దారి పనిచేయదు. అప్పుడు ఫోన్‌లోని ఎక్సెల్ యాప్‌తో ఫొటో తీసి టేబుల్‌గా మార్చుకోవచ్చు. కానీ 3ను 8గా, 1ని 7గా చదివేసే ప్రమాదం ఉంటుంది, ఒక్కో వరుసా సరిచూసుకోవాల్సిందే.

ఫ్రీ వెబ్‌సైట్ మాత్రం వద్దు. మీ పేరు, అడ్రస్, లోన్ అకౌంట్ నంబర్, ఎంత బాకీ ఉన్నారు, అన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి. ముక్కూమొహం తెలియని వాళ్ల సర్వర్‌లో వాటిని ఎందుకు పెట్టడం? బాబుకు ఈ మాట నా మాటగా చెప్పండి.

టేబుల్ వచ్చాక నమ్మేయకండి. పక్కన ఇంకో కాలమ్ పెట్టి, పై వరుస బాకీలోంచి ఈ వరుస అసలును, ఈ వరుస బాకీని తీసేయండి. ప్రతి వరుసలో సున్నా రావాలి. రాని చోట అంకె తప్పు పడింది, లేదా పేజీ చివరి టోటల్ కూడా ఒక వరుసగా వచ్చి కూర్చుంది. రెండోదానితో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఒక క్లయింట్ బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో పేజీ టోటళ్లను కూడా కలిపేసి, ఆయన రాబడి రెట్టింపుగా చూపించాను. పెద్ద ఇల్లే తీసుకోవచ్చని చెప్పబోయాను. ఆయనే నవ్వి, ‘సార్, నాకు అంత రాదు’ అన్నారు.

ఇంత చెప్పాక అసలు మాట: మీకు ఈ 240 వరుసలతో పని లేదు. ఆ టేబుల్ బ్యాంకు ఒక సూత్రంతో వేసింది, అదే సూత్రం ఎక్సెల్‌లో పీఎంటీ అనే పేరుతో ఉంది. వడ్డీ రేటు, నెలలు, లోన్ మొత్తం ఇస్తే కిస్తు 21,696 అని చెబుతుంది. రేటు మారలేదనుకుంటే మీరు 36 కిస్తుల్లో కట్టింది సుమారు 7.81 లక్షలు. అందులో అసలు కింద తగ్గింది 1.63 లక్షలే, ఇంకా 23,37,149 బాకీ. ఎక్సెల్‌లోకి తెచ్చుకోవాల్సింది ఆ టేబుల్ కాదు, లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్. మీది ఫ్లోటింగ్ కాబట్టి రేటు ఎప్పుడు మారింది, ఏ చార్జీ పడింది అన్నవి అందులోనే తెలుస్తాయి. నెట్‌బ్యాంకింగ్‌లో చాలా బ్యాంకులు స్టేట్‌మెంట్‌ను నేరుగా ఎక్సెల్‌లోనే ఇస్తాయి. పీడీఎఫ్ తీసుకునే ముందు ఆ ఆప్షన్ ఉందేమో చూడండి.

ఇప్పుడు 3 లక్షల సంగతి. మొత్తం లోన్‌కు కట్టి, కిస్తు మార్చకుండా ఉంచితే మిగిలిన 204 నెలలు 155కు తగ్గుతాయి. వడ్డీలో సుమారు 7.6 లక్షలు మిగులుతాయి. ఈ అంకె చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. అయితే అది పదిహేడేళ్లలో మిగిలే డబ్బు, మీకు అందే లాభం ఏడాదికి 8.5 శాతమే. ఎఫ్‌డీతో పోలిస్తే మంచిదే, ఎందుకంటే ఎఫ్‌డీ వడ్డీ మీద టాక్స్ కూడా ఉంటుంది. మీరు పాత టాక్స్ పద్ధతిలో ఉండి, హోమ్‌లోన్ వడ్డీకి 2 లక్షల దాకా వచ్చే మినహాయింపు వాడుకుంటుంటే ఆ లాభం కొంచెం తగ్గుతుంది.

కానీ మీరు ఊరికే జతచేసిన తక్‌పట్టీలే నన్ను ఆపాయి. మూడు చీటీలను చేత్తోనే షీట్‌లో వేశాను, పది నిమిషాల పని: బస్తాలు, తూకం, క్వింటాల్ ధర, కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం కూలి). చివర్లో అడ్వాన్సు లక్ష, దాని కింద మిత్తి 16,000. జులైలో తెచ్చి మార్చిలో తీర్చారు, ఎనిమిది నెలలు, నెలకు నూటికి రెండు రూపాయలు. అంటే ఏడాదికి 24 శాతం. మనవైపు ‘రెండు రూపాయల మిత్తి’ అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది, అందుకే ఎవరూ దాన్ని శాతంలోకి మార్చి చూడరు. ఇదే లక్ష హోమ్‌లోన్‌లో వేస్తే ఎనిమిది నెలలకు తగ్గే వడ్డీ సుమారు 5,667. మొత్తం 3 లక్షలూ బ్యాంకుకు కట్టేస్తే, వచ్చే జులైలో నారుకూ ఎరువులకూ మళ్లీ ఆ అడ్తి గుమ్మం ఎక్కుతారు. అగ్గువ అప్పు తీర్చడానికి పిరం అప్పు తెచ్చినట్టు.

కాబట్టి లక్షను పక్కన పెట్టండి. మీ సేవింగ్స్ ఖాతాలో కలపకుండా మీ ఆయన పేరు మీద చిన్న ఎఫ్‌డీ చేసి, జులైకి తీసేలా చూడండి. అడ్తిదారు దగ్గర పంట అమ్మడం మానాల్సిన పని లేదు, అప్పు లేకుంటే ఎవరికి అమ్మాలో మీ ఇష్టం. మిగతా 2 లక్షలు లోన్‌కు కట్టండి. దాంతో 204 నెలలు సుమారు 170కి దిగుతాయి, వడ్డీలో దాదాపు 5.5 లక్షలు మిగులుతాయి. ఫ్లోటింగ్ రేటు హోమ్‌లోన్‌ను వ్యక్తులు ముందే కడితే బ్యాంకు పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది, ఆ టెన్షన్ అక్కర్లేదు.

బ్యాంకుకు వెళ్లినప్పుడు ‘కిస్తు తగ్గించొద్దు, నెలలు తగ్గించండి’ అని కాగితం మీద రాసివ్వండి. కొత్త టేబుల్ అడిగి తీసుకోండి. రేటు 8.5 దగ్గరే ఉంటే మొదటి వరుసలో బాకీ 21,37,149 దగ్గర మొదలవ్వాలి, చివరి వరుస 170 దగ్గర ఆగాలి. 204 వరకూ వెళ్లిందంటే నెలలకు బదులు కిస్తు తగ్గించేశారని అర్థం, కౌంటర్ దగ్గరే మళ్లీ అడగండి.