అమెరికాలో జింకల వేటకు మొదటి విల్లు: ఎన్ని పౌండ్లది కొనాలి?

అమెరికాలో తెల్లతోక జింకల వేటకు తొలిసారి విల్లు కొనేవారు, లాగుడు బలాన్ని 40 నుంచి 60 పౌండ్ల మధ్య సర్దుకోగల, అంచుల్లో గిలకలుండే కాంపౌండ్ విల్లును, తమ చేతుల పొడవుకు సరిపోయే కొలతలో తీసుకోవడం మేలు.

ఆ గిలకలు, తాడును పూర్తిగా లాగాక చేతిపై పడే భారాన్ని సుమారు 80 శాతం తగ్గిస్తాయి కనుక, 50 పౌండ్ల విల్లును పట్టి ఉంచడానికి 10 పౌండ్ల బలమే చాలు. జింక పక్కకు తిరిగేదాకా చేయి వణకకుండా నిరీక్షించగలిగేది అందువల్లే. లాగుడు పొడవు, అంటే పూర్తిగా లాగినప్పుడు విల్లు పిడికీ తాడుకూ మధ్య ఉండే దూరం, పౌండ్లకంటే ముఖ్యం, అయినా దాన్ని చాలామంది పట్టించుకోరు. రెండు చేతులూ బార చాపినప్పుడు వేలికొనల మధ్య 70 అంగుళాలుంటే, దాన్ని 2.5తో భాగించగా వచ్చే 28 అంగుళాలు మీ కొలతకు దగ్గరగా ఉంటుంది. దుకాణంలో లాగి చూసి ఖరారు చేసుకోవాలి.

ఎక్కువ పౌండ్ల విల్లయితేనే జింక పడుతుందనుకోవడం అపోహ. బాణం ప్రాణం తీసేది తాకిడి బలంతో కాదు, పదునైన మొన ఊపిరితిత్తులనూ రక్తనాళాలనూ కోయడం వల్ల. కాబట్టి 20 గజాల లోపు గురి తప్పని 45 పౌండ్ల విల్లు సరిపోతుంది. విల్లును ఆకాశంవైపు ఎత్తితే తప్ప తాడు వెనక్కి రాకపోతే అది మీ శక్తికి మించినది, ఆ కదలికకే జింక బెదిరిపోతుంది. చట్టబద్ధమైన కనీస బలం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒహాయోలో అది 40 పౌండ్లు.