ఐర్లాండ్‌లో కేలీ బ్యాండ్ లీడర్ అంటే ఫుల్‌టైమ్ ఉద్యోగమా?

చాలామందికి కాదండీ. కేలీ అంటే ఊరి జనమంతా కలిసి డాన్స్ చేసే రాత్రి అన్నమాట, అక్కడ వాయించేదే కేలీ బ్యాండ్. పి. జో హేస్‌నే తీసుకోండి, క్లేర్ కౌంటీలో వ్యవసాయం చేసుకునే మనిషి, ఫిడిల్ వాయించేవాడు. 1946లో టల్లా కేలీ బ్యాండ్ మొదలైనప్పటి నుంచీ అందులోనే ఉండి, తర్వాత దశాబ్దాల పాటు దాన్ని నడిపించాడు.

1935లో డాన్స్ హాళ్లకి లైసెన్స్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, దాంతో ఇళ్లల్లో జరిగే డాన్సులు తగ్గి జనం హాళ్లకి మళ్లారు, అంత పెద్ద హాల్లో ఒక్క ఫిడిల్ ఎవరికి వినపడుతుంది చెప్పండి, అందుకే ఫిడిళ్లు, ఫ్లూట్లు, అకార్డియన్, పియానో, డ్రమ్స్ అన్నీ కలిపి బ్యాండ్లు కట్టారు. లీడర్ పని ట్యూన్లు ఎంచడం ఒక్కటే కాదు, డాన్సర్ల కాలు తడబడకుండా వేగం నిలబెట్టాలి. నా లెక్కలో అసలు కష్టం అదే.

అదే కౌంటీలోని కిల్‌ఫెనోరా బ్యాండ్‌తో టల్లా వాళ్లకి గట్టి పోటీ. వాళ్లు 1954, 55, 56లో వరసగా ఆల్ ఐర్లాండ్ టైటిల్ కొడితే టల్లా 1957లో, మళ్లీ 1960లో కొట్టింది. మధ్యలో 1958లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో కూడా వాయించారు. ఇప్పటి ఫేమస్ ఫిడిలర్ మార్టిన్ హేస్ ఈ పి. జో కొడుకే, అతనూ కుర్రాడిగా ఉన్నప్పుడు ఇదే బ్యాండ్‌లో వాయించాడు.